అద్దె గుర్రం

జూన్ 3
పునీత విన్సెంట్ డి పాల్. పేదల పునీతుడు. 1605లో ఒక బాకీదారుణ్ణి వెంటాడుతూ మార్సెయ్ దాకా వెళ్లాడు. దారి ఖర్చులకు చాలక, అద్దెకు తెచ్చుకున్న గుర్రాన్ని అమ్మేశాడు. తిరిగొచ్చాక కట్టేద్దామనుకున్నాడట. బాకీదారుణ్ణి జైల్లో వేయించాడు. 300 ఎక్యులకు (అప్పటి ఫ్రెంచి నాణేలు) రాజీ.
గురుపట్టం అందుకుని అప్పటికే అయిదేళ్లు.
అమ్మాయి ఇంట్లో పుస్తకాల అరలో దొరికింది ఈయన జీవితం. పారిస్‌లో నాకు వేరే పని లేదు.

జూన్ 5
ఓడలో తిరిగొస్తూ సముద్రపు దొంగలకు చిక్కాడు. టునిస్ బజారులో అమ్మకం. ముందు ఒక జాలరి కొన్నాడు. తర్వాత ఒక రసవాది. 1607లో తనే ఉత్తరం రాశాడు ఇదంతా. చరిత్రకారులు కొందరు నమ్మరు.
గుర్రం సంగతీ అదే ఉత్తరంలో ఉంది. నేను గుర్రాన్ని నమ్ముతున్నాను. అలాంటివి ఎవరూ కల్పించి రాసుకోరు.

జూన్ 9
డాక్స్ పట్నంలో చదువుకునే రోజులు. తండ్రి చూడ్డానికొచ్చాడు. రైతు. కాలు కుంటి. బట్టలు అంతంతమాత్రం. కొడుకు బయటికి రాలేదు.
ముసలితనంలో తనే చెప్పాడు ఈ సంగతి, అందరి ముందూ.
చదువు కోసం జత ఎడ్లను అమ్మింది ఆ తండ్రే.

జూన్ 10
మనవణ్ణి బడి నుంచి తీసుకురావడానికి పంచెలో వెళ్లాను. రేపటి నుంచి ఆ మూల చెట్టు దగ్గర నిలబడమన్నాడు.
నీడ బాగానే ఉంది అక్కడ.

జూన్ 14
1610 ఫిబ్రవరిలో తల్లికి ఉత్తరం. త్వరలో ఏదో ఒక మంచి ఆదాయం కుదురుతుంది, విశ్రాంతి తీసుకుని మిగిలిన రోజులు నీ దగ్గరే గడుపుతాను అని సారాంశం. అప్పుడు వయసు 28.
ఇంకా 50 ఏళ్లు పని చేశాడు.

జూన్ 16
పారిస్‌లో తన ప్రాంతం జడ్జితో ఒకే గదిలో ఉండేవాడు. జడ్జిగారి 400 ఎక్యులు పోయాయి. జబ్బుతో మంచం మీద ఉన్న విన్సెంట్ మీద పడింది నింద. నిజం దేవుడికి తెలుసని ఊరుకున్నాడు. తీసింది మందులు తెచ్చిన కుర్రాడు. అది బయటపడ్డానికి ఏళ్లు పట్టింది.
తర్వాత ఈ కథ చెప్పాల్సొస్తే 'ఒకాయనకు' జరిగిందనేవాడు.

జూన్ 19
1617 ఆగస్టు. షాతియోఁ ఊరి చర్చి. పూజకు తయారవుతుంటే కబురు. ఊరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, నీళ్లిచ్చే దిక్కు లేదు. ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. తర్వాత చూడ్డానికి బయల్దేరితే దారి నిండా ఆడవాళ్లు. తిండి పట్టుకెళ్లేవాళ్లు, ఇచ్చి తిరిగొచ్చేవాళ్లు, ఎండకు చెట్టు కింద కూర్చున్నవాళ్లు.
వేరొకరైతే కళ్లు తుడుచుకునేవారు. ఈయన లెక్క వేశాడు. ఇంత తిండి ఈరోజు తినలేరు. రేపటికి పాడవుతుంది. ఎల్లుండికి ఎవరూ రారు.
వంతులు వేశాడు.

జూన్ 20
ఆ ఏడాదే ఆ ఆడవాళ్ల కోసం రాసిన నియమావళి. వంట కాగానే పట్టుకెళ్లాలి. నవ్వుతూ పలకరించాలి. మంచం మీద పలక సర్ది గుడ్డ పరవాలి. కప్పు, చెంచా, రొట్టె. రోగి చేతులు కడగాలి. మాంసం ముక్కలు కోసి పెట్టాలి. దిగులుగా ఉంటే ఏదో ఒక సరదా మాట చెప్పాలి. ఇంట్లో మనుషులున్న రోగితో మొదలుపెట్టాలి. ఎవరూ లేనివాళ్లను చివరికి ఉంచుకోవాలి. వాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చు.
ఆఫీసులో బతుకంతా సర్క్యులర్లు రాశాను. ఇలాంటి వాక్యం ఒక్కటి పడలేదు.

జూన్ 23
కరివేపాకు అయిపోయింది. ఫోబూర్ సెయింట్ డెనిస్ వీధిలో గార్ దు నోర్ స్టేషన్ దాటితే తమిళుల కొట్లు. మునక్కాడలు కూడా ఉన్నాయి. ధర చూసి, పలకరించి వదిలేశాను.
అదే వీధిలో వెనక్కి వస్తే 107 నంబరు. ఇక్కడే సెయింట్ లాజర్. ఒకప్పుడు కుష్ఠురోగుల ఆశ్రమం. 1632లో విన్సెంట్ చేతికొచ్చింది. ఇప్పుడు పార్కు, లైబ్రరీ. అదే పేరున్న రైల్వే స్టేషన్ వేరేచోట ఉంది. రెండూ ఒకటే అని అల్లుడి వాదన. మ్యాపు చూపిస్తే కాఫీ తాగుతారా మామయ్యగారూ అన్నాడు.

జూన్ 25
సెయింట్ లాజర్‌లో మతి చెడినవాళ్లు కొందరుండేవారు. ఆ ఇంటి మీద దావా పడింది. ఓడిపోతే దేనికి ఎక్కువ బాధపడతానా అని ఆలోచించుకున్నాడట. భూములకు కాదు. ఆ పిచ్చివాళ్లను వదలాల్సి వస్తుందని.
మాట వినని కొడుకుల్ని కూడా ఉన్నవాళ్లు అక్కడే పెట్టించేవారు. బయట తాళం. అదీ ఆయన ఇల్లే.

జూన్ 28
మార్గరీత్ నసో. ఆవులు కాసే పిల్ల. అక్షరాల పుస్తకం కొనుక్కుని, దారిన పోయేవాళ్లను ఆపి ఇదేం అక్షరం అని అడిగేది. చదువు వచ్చాక పల్లెల్లో పిల్లలకు చెప్పింది. తర్వాత పారిస్‌లో రోగుల సేవ. ప్లేగు తగిలిన ఒకామెను తన పక్కలో పడుకోబెట్టుకుంది. 1633లో తనూ పోయింది.
అదే ఏడాది నవంబరులో, విన్సెంట్‌తో కలిసి పనిచేసే లూయీజ్ ద మరియాక్ ఇంట్లో సిస్టర్ల సంఘం మొదలైంది. మొదటి సిస్టర్ ఎవరంటే నసో అనేవాడు విన్సెంట్. సంఘం పుట్టేసరికి ఆమె లేదు.

జూన్ 30
గురువయ్యాక ఒకసారి సొంత ఊరు వెళ్లాడు. నా నుంచి ఏమీ ఆశించవద్దని అన్నదమ్ములకు తేల్చి చెప్పాడు. బయల్దేరాక దారంతా ఏడుపు. మూడు నెలలు వాళ్ల బెంగే. అయినా ఇవ్వలేదు.
మా ఆవిడకు చదివి వినిపించాను. "అంత ఏడ్చే బదులు ఇచ్చెయ్యొచ్చుగా" అంది, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

జులై 3
ఫ్రాన్స్ రాణి ఆన్ కొలువులో మతవ్యవహారాల మండలి సభ్యుడు. పాత అంగీ, చీకిపోయిన నడికట్టు. రాణి మంత్రి కార్డినల్ మజరాఁ ఆ నడికట్టు పట్టుకుని నలుగురికీ చూపించి నవ్వాడు.
1649లో, ఊరంతా అల్లర్ల మధ్య, గుర్రమెక్కి రాణి దగ్గరికి వెళ్లాడు. మజరాఁని పంపించెయ్యమన్నాడు. పంపలేదు.
ఈ గుర్రం ఎవరిదో పుస్తకంలో లేదు.

జులై 4
కాళ్లు వాచి నడవలేకపోతే బండి ఇచ్చారు. నా అవమానం అని పేరు పెట్టాడు దానికి. దారిలో నడవలేనివాళ్లను ఎక్కించుకునేవాడు.

జులై 6
ర్యూ ద సెవ్ర్, 95. చిన్న గుడి. పీఠం పైన వెండి పేటిక, చూడ్డానికి మెట్లు. లోపల ఎముకలు, పైన మైనపు ముఖం, మైనపు చేతులు. గుండె ఇక్కడ లేదు. నడిచే దూరంలో, ర్యూ దు బాక్‌లో, సిస్టర్ల దగ్గర ఉంది.
విప్లవం రోజుల్లో అప్పటి వెండి పేటికను అధికారులు పట్టుకుపోయారు. ఎముకలు మీరే ఉంచుకోండన్నారు.
గుమ్మంలో చెప్పులు విప్పబోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

జులై 8
టునిస్ ఉత్తరం 1658లో ఎవరి కాగితాల్లోనో బయటపడింది. ఆయనకు నకలు పంపారు. కాల్చేశాడు. అసలుది కూడా పంపమని 1660లో బతిమాలుతూ రాశాడు. ఆయన రాయసగాడే చాటుగా, ఆయనకు పంపకండి అని కబురు పెట్టాడు. ఆ సెప్టెంబరు 27న కుర్చీలో కూర్చునే పోయాడు.
బతుకు మొత్తంలో 30,000 ఉత్తరాలు రాసి ఉంటాడని అంచనా. చాలా భాగం పోయాయి. కాల్చబోయింది మిగిలింది.

జులై 11
1833. ఫ్రెడెరిక్ ఒజానమ్. 20 ఏళ్ల విద్యార్థి. మీ మతం వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారని చర్చలో ఎవరో నిలదీశారు. తమ గదిలో మిగిలిన కట్టెలు మోసుకెళ్లి ఒక పేదింట్లో పెట్టొచ్చారు, అతనూ ఇంకో స్నేహితుడూ. అలా మొదలైన వాళ్ల సభకు విన్సెంట్ పేరు.
మన కతోలిక చర్చిల్లోనూ ఉంది ఆ సభ. గుంటూరు ఆఫీసులో నా పక్క సీటాయన సభ్యుడు. ఆదివారాలు ఎటు వెళ్తాడో చెప్పేవాడు కాదు. సైకిల్ వెనక బియ్యం సంచీ ఉండేది. చిట్ల వ్యాపారం అనుకునేవాళ్లం.

జులై 13
1789లో ఇదే తేదీ. రొట్టెకు కటకట. సెయింట్ లాజర్‌లో ధాన్యం దాచారని జనం మీద పడ్డారు. గోధుమలు బళ్లకెత్తి బజారుకు తోలారు. వైన్ అక్కడే తాగేశారు.
ఆ తర్వాత అది జైలు. 1917లో నర్తకి మాతా హరిని పెట్టింది అందులోనే.

జులై 14
సెలవు. కొట్లు చాలావరకు మూశారు. అల్లుడు టీవీలో కవాతు పెట్టాడు. బాస్తీలు కోటను జనం పట్టుకున్న రోజు. ఆ కోటలో అప్పుడు దొరికిన ఖైదీలు ఏడుగురు. ముందురోజు సెయింట్ లాజర్ నుంచి తోలిన బళ్లు యాభై దాకా.
సెలవు మాత్రం ఖైదీల లెక్కకే.