మార్చి తప్పితే సెప్టెంబరు

మా ఇంట్లో ఆటల పరిజ్ఞానం ఎంతటిదో ముందే ఒప్పేసుకోవడం మంచిది. క్రికెట్ తప్ప మిగతావన్నీ మా ఆవిడ దృష్టిలో ఊరికే ఆయాసపడ్డం కిందికే వస్తాయి. నేనూ అంతకంటే ఎక్కువేం కాదు. అలాంటి ఇంట్లో 2024 జూలై 27, శనివారం మధ్యాహ్నం, పారిస్ ఒలింపిక్స్ పడవ పందెం నడిచిందంటే కారణం క్రీడాభిమానం కాదు. వార్తలకోసమని రిమోటు నొక్కబోతే వేలు జారింది. అంతే.

తెరమీద నీళ్ళు. నీళ్ళమీద ములక్కాడల్లాంటి సన్నని పడవలు ఆరు. ఒక్కోదాంట్లో ఒక్కడే మనిషి, చేతుల్లో రెండు తెడ్లు. ఆరుగురిలో ఒకడు మనవాడు, బల్‌రాజ్ పన్వర్. సైన్యంలో పనిచేసే హర్యానా కుర్రాడు. ఆ ఏడు పడవ పందాలకి మన దేశం నుంచి వెళ్ళింది అతనొక్కడేనట. ఒక్కడి పడవకి ఒక్కడే వెళ్ళడం న్యాయంగానే ఉందనుకున్నాను.

కందిపప్పులో రాళ్ళేరుతున్న మా ఆవిడ తలెత్తింది.

"ఏవండీ, ఆ అబ్బాయి వెనక్కి తిరిగి కూర్చున్నాడేవిటీ? దారెలా కనిపిస్తుందీ?"

చూశారూ, ఇలాంటి ప్రశ్నలే నన్ను ఇరకాటంలో పెడతాయి. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. చుక్కానీ, గెడా, తెరచాపా, లాకులూ అన్నీ తెలుసునని నలభై ఎనిమిదేళ్ళుగా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. మా రేవులో పడవ నడిపేవాడు మొహం ముందుకే పెట్టి నడిపేవాడు. ఈ ఒలింపిక్స్ వాళ్ళు గమ్యానికి వీపు పెట్టి కూర్చోవడమేవిటో నాకూ తెలీదు. "అదంతా ఓ శాస్త్రంలే" అని గంభీరంగా దాటేశాను.

ఆ తరవాత పట్టుదలొచ్చి చదివి తెలుసుకున్నాను. సంగతిది. మన దోనెవాడు తెడ్డుతో నీళ్ళని తోస్తాడు. వీళ్ళు తెడ్డుని తమవైపు లాగుతారు. లాగడంలో చేతులే కాదు, నడుమూ, అంతకుమించి కాళ్ళూ పనిచేస్తాయి. బూట్లు పడవకే బిగించి ఉంటాయి. కూర్చున్న పీట కింద చక్రాలుంటాయి. మోకాళ్ళు ముడిచి ముందుకు జరగడం, కాళ్ళతో ఒక్క తాపు తన్ని వెనక్కి జారడం. చూసేవాళ్ళకి చేతులాటలా ఉంటుందిగానీ నిజానికది కాళ్ళ కష్టం. అలా రెండు వందల సార్లకు పైగా లాగితే రెండువేల మీటర్లు పూర్తవుతాయి. గట్టివాళ్ళకి ఆరున్నర నిమిషాల నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. పడవ పొడుగు ఎనిమిది మీటర్ల పైచిలుకు, వెడల్పు మూరెడైనా ఉండదు. బరువు పద్నాలుగు కిలోలకు తగ్గకూడదని నియమం. అంటే అరబస్తా బియ్యమంతైనా లేదు. తెడ్లు వదిలేస్తే తిరగబడి ఊరుకుంటుంది.

ఆ రోజు పన్వర్ ఆరుగురిలో నాలుగోవాడుగా వచ్చాడు. మొదటి ముగ్గురూ క్వార్టర్ ఫైనల్‌కి వెళతారని వ్యాఖ్యాత చెప్పాడు.

"అయ్యో, పోయాడా?" అంది మా ఆవిడ.

"పోలేదు. రేపు ఇంకో పందెం ఉందట. ఇవాళ తప్పినవాళ్ళకి మళ్ళీ పెడతారట. దాన్ని రెపెషాజ్ అంటారు. ఫ్రెంచి మాట. నీళ్ళలో పడ్డదాన్ని మళ్ళీ పట్టి పైకి తీయడం అని అర్థంట."

"ఓస్, సెప్టెంబరా?" అంది తేలిగ్గా. "దానికంత పేరెందుకూ? మార్చి తప్పితే సెప్టెంబరు!"

ఇక్కడ మా మనవడి సంగతి చెప్పాలి. మెడిసిన్ ప్రవేశ పరీక్ష మొదటిసారి రాసి సీటు రాకపోతే, ఏడాదిపాటు లాంగ్‌టర్మ్ కోచింగులో పెట్టారు. రెండోసారీ రాలేదు. ఆ తరవాత వాడు మాట్లాడ్డం మానేశాడు. మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, కొన్నాళ్ళు మీ దగ్గరుంచుకోండి, పరీక్షల మాట మాత్రం ఎత్తకండి" అన్నాడు. మూడు వారాలుగా మేం ఎత్తలేదు. వాడు గది తలుపు తీయలేదు. అన్నానికొచ్చేవాడు, కంచం కేసే చూస్తూ తినేవాడు, వెళ్ళిపోయేవాడు. రాత్రి ఒంటిగంటప్పుడు కూడా తలుపు కింద దీపం వెలుతురు కనిపించేది. ఆ వెలుతురు చూసి మా ఆవిడా నేనూ ఒకరికొకరు చెప్పుకోకుండానే మేలుకుని ఉండేవాళ్ళం.

ఆ తలుపు ఆ మధ్యాహ్నం ఓరగా తెరుచుకుంది.

"సెప్టెంబరేంటి నానమ్మా?"

మా ఆవిడకి మాయామర్మం తెలీదు. "మీ తాతయ్య ఎస్సెల్సీ పాసైన పరీక్షరా. మార్చిలో తప్పారుగా" అనేసింది.

నిజం చెప్పొద్దూ, పడవ తిరగబడ్డట్టే అయింది నా పని. నేను పరీక్ష తప్పిన సంగతి ఈ ఇంట్లో మా ఆవిడకొక్కదానికే తెలుసు. మా అబ్బాయికి తెలీదు. వాడు చదువుకునే రోజుల్లో లెక్కల్లో నలభై తెచ్చుకున్నప్పుడల్లా, "నేను ఏ పరీక్షా రెండోసారి రాసిన పాపాన పోలేదు" అని మందలించేవాణ్ణి. వాడది నమ్మాడు. పెద్దవాడై తన కొడుకుతో, "మీ తాతయ్య కిరోసిన్ దీపం ముందు చదివి ఒక్కసారికే పాసయ్యారు, నీకు ఏసీ గదిలో ఏం కష్టంరా?" అనేవాడు. ఆ మాట నా ఎదుటే అన్నాడు. నేను విని ఊరుకున్నాను. ఊరుకోవడమేవిటి, మీసం కూడా దువ్వుకున్నాను.

"నిజమా తాతయ్యా?" అన్నాడు వాడు, గుమ్మంలోనే నిలబడి.

ఏం చెప్పను? "కూర్చో" అన్నాను.

1966లో మాట. ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. పేపరు చూడాలంటే ఏటి అవతల టౌనుకి వెళ్ళాలి. వెళ్ళాను. నా నంబరుకి ముందుదుంది, తరవాతదుంది, నాది లేదు. అచ్చు తప్పేమోనని ఇంకో కొట్లో ఇంకో పేపరు చూశాను. అందులోనూ లేదు. సాయంత్రం దాకా రేవులో కూర్చున్నాను. పొద్దువాలాక ఆఖరి పడవ వదులుతూ పడవవాడు పిలిచాడు. వాడికి చదువు రాదుగానీ మొహాలు చదవడం వచ్చు. ఏమీ అడగలేదు. "ఎదురుగాలి కొడతందండీ, ఆ రెండో తెడ్డు కాస్త అందుకోండి బాబూ" అన్నాడు. అందుకున్నాను. అవతలి ఒడ్డు ఎప్పుడొస్తుందా అని తలెత్తి చూస్తుంటే, "ఒడ్డు కేసి చూడకండి, ఇంకా దూరమైపోద్ది. తెడ్డు కేసి చూడండి" అన్నాడు. ఇవతలికి వచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడవడానికి ఓపిక లేదు. ఇంటికెళ్ళి మా నాన్నతో చెప్పాను. సెప్టెంబరు కట్టాను. పాసయ్యాను.

అంతా విని మనవడు ఒక్కటే అన్నాడు. "మరి డాడీకెందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. శాస్త్రమని దాటెయ్యడానికి ఇది పడవ సంగతి కాదుగదా.

మర్నాడు వాడు తనే వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. రెపెషాజ్‌లో పన్వర్ రెండోవాడుగా వచ్చి క్వార్టర్ ఫైనల్‌కి చేరాడు. మా ఆవిడ, "సెప్టెంబరు గట్టెక్కింది" అని దేవుడి గూటి కేసి చూసి దణ్ణం పెట్టింది. ఆ వారమంతా మా హాల్లో పడవల కబుర్లే. వాడు ఫోన్లో వెతికి చెప్పేవాడు, నేను పుస్తకాల్లో చదివింది చెప్పేవాణ్ణి.

1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆస్ట్రేలియావాడు బాబీ పియర్స్ క్వార్టర్ ఫైనల్లో ఉండగా బాతు ఒకటి పిల్లల్ని వెంటేసుకుని అడ్డంగా వచ్చిందట. ఆయన తెడ్లాపి వాటిని పోనిచ్చి, తరవాత లాగి గెలిచాడు. బంగారప్పతకమూ తెచ్చుకున్నాడు. మా ఆవిడ ఈ కథ నాలుగుసార్లు చెప్పించుకుంది. 1956లో రష్యావాడు ఇవనోవ్ పద్దెనిమిదేళ్ళకే బంగారం గెలిచి, సంబరంలో ఎగరేస్తే అది కాస్తా చెరువులో పడింది. దూకి వెతికినా దొరకలేదు. తరవాత ఇంకోటిచ్చారు. అతను 1960లోనూ, 1964లోనూ మళ్ళీ గెలిచాడు.

కోల్బె అని జర్మనీవాడి కథ వేరు. 1976లో మాంట్రియల్ ఫైనల్లో ముందుండి, చివర్లో ఫిన్లాండువాడు కార్పినెన్‌కి దొరికిపోయాడు. కార్పినెన్ ఉద్యోగం మంటలార్పడమట. 1980లో కోల్బె దేశం మాస్కోకి వెళ్ళనే లేదు. 1984లో మళ్ళీ రెండో స్థానం, మళ్ళీ కార్పినెన్ వెనకే. 1988లోనూ రెండో స్థానమే, ఈసారి తూర్పు జర్మనీవాడు లాంగె వెనక. మూడు వెండి పతకాలు.

"పాపం, ఆయన్నెవరూ తలుచుకోరా?" అంది మా ఆవిడ.

"మనం తలుచుకున్నాంగా నానమ్మా" అన్నాడు వాడు. మూడు వారాల్లో వాడు నవ్వడం అదే మొదలు.

క్వార్టర్ ఫైనల్లో పన్వర్ అయిదోవాడయ్యాడు. పతకం ఆశ అక్కడితో సరి. కానీ ఆ పోటీల్లో ఓ తమాషా ఉంది. ఓడినవాణ్ణి అంత తొందరగా ఇంటికి పంపలేదు. అతని స్థానమేదో తేలేదాకా పందెం వేయాల్సి వచ్చింది. అసలు ఫైనల్ ‘ఏ’ అయితే, దాని కింద ‘బి’, ‘సి’, ‘డి’ ఫైనళ్ళున్నాయి. పన్వర్ ‘డి’ ఫైనల్లో అయిదోవాడయ్యాడు. మొత్తం మీద ఇరవై మూడో స్థానం.

"పతకం రాదని తెలిశాక కూడా అంతలా లాగుతాడెందుకు తాతయ్యా?" అన్నాడు మనవడు. వెక్కిరింపుగా కాదు, నిజంగా అడిగాడు.

దానికి జవాబుగా దత్తూ భోకనళ్ సంగతి చెప్పాను. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, నీటికి కటకటలాడే ఊరు. తండ్రితో కలిసి బావులు తవ్వినవాడు. సైన్యంలో చేరాక పడవెక్కమంటే మొదట నీళ్ళంటేనే భయపడ్డాడు. 2016లో రియోకి వెళ్ళేనాటికి ఇంటి దగ్గర తల్లి స్పృహ తప్పి ఉంది. అక్కడ అతనూ ‘సి’ ఫైనల్‌కే వచ్చాడు. ఆ ఫైనల్లో మొదటివాడుగా వచ్చాడు. అంటే పదమూడో స్థానం. పతకమూ లేదు, జెండా ఎగరడమూ లేదు. అయినా బావి అడుగునుంచి బయల్దేరినవాడికి ఆ పదమూడు ఎంత ఎత్తో కొలవాలంటే, కొలత కిందనుంచి మొదలెట్టాలి.

వాడు కాసేపాగి, "ఇంకో సంగతుంది తాతయ్యా" అన్నాడు. "అందరూ వెనక్కి చూస్తూ కూర్చుంటారు కదా. ముందున్నవాడికి మిగతా అయిదుగురూ కనిపిస్తుంటారు. ఆఖరివాడికి ఎవ్వరూ కనపడరు. ఉత్త నీళ్ళే. వాళ్ళంతా ఎంత ముందున్నారో కూడా తెలీదు. మెడ తిప్పి చూస్తే పడవ ఊగుతుంది."

నాకు గొంతు పట్టేసింది. తలుపు వెనక మూడు వారాలు వాడు చూస్తూ కూర్చున్నదేవిటో అప్పుడు తెలిసింది. మా ఆవిడ ఒత్తిన చపాతీనే మళ్ళీ ఒత్తుతూ ఉండిపోయింది.

ఆగస్టు 3న అసలు ఫైనల్. జర్మనీవాడు జైడ్లర్ మొదటినుంచీ ముందుండి గెలిచాడు. 2019లో ప్రపంచ విజేత అయి, టోక్యోకి గొప్ప ఆశలతో వెళ్ళి, సెమీ ఫైనల్లో నాలుగోవాడై ‘బి’ ఫైనల్‌కి దిగిపోయినవాడే ఇతను. ముందు ఈతగాడట, పడవలోకి తరవాత వచ్చాడు. అతని తాతగారు 1972లో పడవ పందెంలోనే ఒలింపిక్ బంగారం గెలిచారని మనవడు ఫోన్లో చదివి వినిపించాడు. చదివి నా కేసి చూశాడు.

"మా తాతయ్యది సెప్టెంబరు" అన్నాడు.

"నోర్ముయ్‌రా" అన్నాను. కానీ ఆ మాట వినడానికి బాగానే ఉంది.

ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని మా అబ్బాయికి ఫోన్ చేశాను. చెయ్యి కాస్త వణికిన మాట వాస్తవం. డెబ్బై నాలుగేళ్ళ మనిషి కొడుక్కి మార్కుల లిస్టు చూపించడం అంత తేలిక కాదు.

"ఒరే, నీకో సంగతి చెప్పాలి. 1966 నాటిది" అన్నాను. పేపరూ, రేవూ, పడవా అన్నీ చెప్పాను. "నీతో నేను అబద్ధం ఆడాను. నువ్వది నిజమనుకుని వాడి నెత్తిన పెట్టావు. తప్పు నాది" అన్నాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నాన్నా, ఫోను వాడికివ్వండి" అన్నాడు చివరికి. గొంతు మామూలుగా లేదు.

ఇచ్చాను. వాడు ఫోను పట్టుకుని మెట్లమీద కూర్చున్నాడు. తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మళ్ళీ పరీక్ష రాస్తాడో, ఇంకేదైనా చదువుతాడో మేం అడగలేదు, వాడూ చెప్పలేదు. తెలిసిందల్లా ఇంతే. ఆ రాత్రి ఒంటిగంటకి నేను లేచి చూస్తే తలుపు తీసే ఉంది, దీపం ఆర్పే ఉంది.