ఇచ్చిన సొమ్ముకు లెక్క

దానం చేయడం సులభం. దాని ఫలితాన్ని తూచడం కష్టం. అమెరికా ప్రభుత్వం 1982లో ఒక చట్టం చేసి, పెద్ద శాఖల పరిశోధన నిధుల్లో కొంత భాగాన్ని చిన్న సంస్థల నూతన ఆవిష్కరణలకు కేటాయించింది. ఆలోచన సాధ్యమా అని పరీక్షించడానికి మొదటి దశలో స్వల్ప ధనం. దానికి రూపం కల్పించడానికి రెండవ దశలో పెద్ద మొత్తం. విపణికి చేర్చే మూడవ దశలో ఈ నిధి నుండి ఏమీ ఇవ్వరు.

సాయం పొందినవారు వృద్ధి చెందారని చూపితే చాలునా? సమర్థులు సాయం లేకున్నా పైకి వచ్చేవారేమో! అందుచేత సబ్రీనా హోవెల్ అనే ఆర్థికవేత్త ఇంధన శాఖ దరఖాస్తులను పరిశీలించి, కొద్దిలో ఎంపికైనవారిని కొద్దిలో తప్పినవారితో పోల్చారు. 2017లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, మొదటి దశ సాయం వల్ల ప్రైవేటు పెట్టుబడి లభించే అవకాశం దాదాపు రెట్టింపయింది. రెండవ దశలో అంతటి మేలు కనిపించలేదు. పదే పదే సాయం పొందినంత మాత్రాన సంస్థలు అధికంగా రాణించలేదని జాష్ లెర్నర్ 1999లోనే తేల్చారు.

నన్ను ఆకట్టుకున్నది ఈ తూనికయే. విద్యార్థి వేతనాలు పంచే పెద్దలు సైతం ఉత్తీర్ణుల జాబితాతో తృప్తిపడక, కొద్దిలో తప్పిపోయిన విద్యార్థి ఏమయ్యాడో విచారించడం మేలు. జకాత్ అయినా, ప్రభుత్వ నిధి అయినా, పుచ్చుకున్నవాడు మళ్ళీ చేయి చాపనవసరం లేకుండా నిలబడినప్పుడే సార్థకం.