నాబు తిప్పే వంతు

"టీచర్, గీతలు కనబడుతున్నాయి... నాక్కూడా!"

ఇవాళ ల్యాబ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి పెట్టిన కేక ఇది.
ఉల్లిపొర, దానిమీద ఓ చుక్క అయోడిన్, పైన కవర్ స్లిప్. అంతే.
వరసగా పేర్చిన గదుల్లా కణాలు. ఒక్కోదానిలో ముదురు రంగులో కేంద్రకం.

మైక్రోస్కోపు దగ్గరికి రాగానే పిల్లలందరికీ పెద్ద లెన్స్ మీదే కన్ను.
కానీ మొదలుపెట్టాల్సింది చిన్నదానితో. 4 రెట్ల లెన్స్‌తో వెతకాలి, 10తో దగ్గరికెళ్లాలి, ఆ తర్వాతే 40.
అక్కడికెళ్లాక ఫోకస్ చేసే పెద్ద నాబు ముట్టుకోకూడదు, లెన్స్ వెళ్లి స్లైడ్‌కి తగులుతుంది. చిన్న నాబునే వెంట్రుకవాసి తిప్పాలి.
కంటి దగ్గరి లెన్స్ ఇంకో 10 రెట్లు. అప్పుడు చూసేది 400 రెట్ల బొమ్మ!

స్లైడ్ కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతుంది.
ఇది చెబితే వచ్చేది కాదు. వేళ్లు కాసేపు తికమకపడి, వాటంతటవే నేర్చేసుకుంటాయి.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ కడుపుని మైక్రోస్కోపు కింద ఓపిగ్గా వెతికి, మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ ఓపిక కూడా ఎక్కడో ఇలాంటి మొదటి చూపుతోనే మొదలై ఉంటుంది.

చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.
పుస్తకంలో బొమ్మ చూసి గీసిన కణం మార్కుల వరకే. తన చేత్తో తనే వెతికి పట్టుకున్న కణం మాత్రం ఆ పిల్ల సొంతం.
ప్రతి బడిలో, ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆ నాబు తిప్పే వంతు రావాలి.

మైక్రోస్కోపులో మీరు మొట్టమొదట చూసిందేమిటి? కామెంట్లలో చెప్పండి, రేపు మా పిల్లలకి చదివి వినిపిస్తా.