అరిసెల డబ్బాతో మూడు ఊళ్ళు

సంక్రాంతి నాలుగు రోజులు వున్నదనగా హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నిలబడి చూడండి. సూర్యాపేటకు ఇవతల కొర్లపహాడు టోలుగేటు దగ్గర కార్లు చీమల బారులా కదులుతూ వుంటాయి. పోయేటప్పుడు వాటిలో కొత్తబట్టల సంచులు. పండుగ వెళ్ళాక తిరిగివచ్చేటప్పుడు అరిసెలు, సకినాలు, గరిజెలు నింపిన డబ్బాలు. మొన్నటి పండుగకు నేనూ ఒక డబ్బా మోశాను. అయితే అందరూ పోయే దారిన కాదు. మిర్యాలగూడ నుంచి కోదాడకు, అక్కడినుంచి సూర్యాపేటకు.

నేను సూర్యాపేటలో కళాశాల పిల్లలకు తెలుగు చెబుతాను. మా అమ్మ మిర్యాలగూడలో మా అక్క దగ్గర వుంటుంది. అమ్మకు స్వయానా చెల్లెలైన మా చిన్నమ్మది కోదాడ. ప్రతి సంక్రాంతికీ అమ్మ చేసిన అరిసెలు ఒక స్టీలు డబ్బాలో కోదాడకు పోయేవి. అదే డబ్బాలో చిన్నమ్మ చేసిన గరిజెలు తిరిగి వచ్చేవి. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపగూడదన్నది మన ఇళ్ళల్లో ఎవరూ రాసిపెట్టని శాసనం గదా! మూడేళ్ళ కిందట తాతగారి పొలం పంపకాల్లో మాటా మాటా పెరిగి అక్కచెల్లెళ్ళు పలకరించుకోవడం మానేశారు. నాటినుంచి ఆ డబ్బా అటకెక్కింది.

మిర్యాలగూడకు పోయేవారికి ఊరికంటె ముందు బియ్యం మిల్లులు స్వాగతం చెబుతాయి. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు పారిన తరువాత ఇక్కడి మెట్ట చేలు మాగాణులైనాయి. వడ్లు వచ్చాయి, వడ్ల వెంట మిల్లులు వచ్చాయి. అమ్మ చిన్నతనంలో వాళ్ళింట్లో రోజూ జొన్నగటకే. పండుగనాడే వరి అన్నం. అటువంటి రోజుల్లో కుంచెడు బియ్యం నానబోసి, దంచి, బెల్లంలో కలిపి ఒకరింటికి పంపడమంటే చిన్న సంగతి కాదు. ఆ విలువ అమ్మకు ఇప్పటికీ పోలేదు.

ఈసారి అక్క, "నా భుజం లేవట్లేదు. బజార్లో మంచివే దొరుకుతున్నయి, కొనుక్కొద్దాం" అన్నది. ఉద్యోగం చేసి వచ్చే మనిషి. ఆమె మాటలో తప్పులేదు. అమ్మ కాసేపు వూరుకుని, "కొన్నయి మనం తినొచ్చు బిడ్డా, ఒకరికి పంపరావు. పైసలు వాళ్ళకాడ గూడ ఉన్నయి" అన్నది. ఎవరికి పంపాలనుకుంటున్నదో మేము అడగలేదు.

ఒక పగలూ రాత్రీ బియ్యం నానబెట్టి, మధ్యలో నీళ్ళు మార్చి, వడగట్టి, బట్ట మీద ఆరబోశాము. పూర్తిగా ఆరకముందే, తడి చేతికి తగులుతూ వుండగానే పిండి పట్టించాలి. ఆరిన పిండితో అరిసె రాదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అమ్మ లెక్క. ఇక పాకం దగ్గరే అసలు పరీక్ష. లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే రాయి అవుతుంది. అమ్మకు చూపు మందగించి రెండేళ్ళయింది. పళ్ళెంలో నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాము. అక్క గరిటెతో ఒక చుక్క వేస్తే అమ్మ నీళ్ళలో వేళ్ళు పెట్టి దాన్ని వెదికి పట్టుకొని, "ఇంకా" అన్నది. మళ్ళీ వేస్తే మళ్ళీ "ఇంకా" అన్నది. మూడోసారి వేళ్ళమధ్య మెత్తని ఉండ నిలిచింది. "దించున్రి! గిన్నెకు కొడితే టంగుమనే దాకా ఆగితే అది పల్లిపట్టీల పాకం" అన్నది.

ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి, ఒకరు ఆకు మీద తట్టాలి, ఒకరు కాల్చాలి, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పక్కింటి ఇల్లాండ్లు ఇద్దరు పిలవకుండానే వచ్చి కూర్చున్నారు. పాలూ కోవా తగలని వంటకం గనుక అరిసె రెండు మూడు వారాలైనా చెడదు. ఊళ్ళు దాటే కానుకగా మన పెద్దలు దాన్ని ఎన్నుకున్నది ఊరికే కాదు.

అంతా అయినాక అమ్మ, "అటక మీది డబ్బా దించి నింపు. కోదాడ మీదికెల్లి పోతవు గద" అన్నది. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు అది చుట్టుదారి అని ఆమెకు తెలియదా! నేను మారు మాట్లాడక డబ్బా తీసుకొని బస్సెక్కాను.

హుజూర్‌నగర్ మీదుగా దారి పొడుగునా యాసంగి నాట్లు సాగుతున్నాయి. కోదాడ చేరితే మాట రంగు మారుతుంది. ఒకే వీధిలో ఒకరు గరిజెలంటారు, ఒకరు కజ్జికాయలంటారు. ఇందులో వింత లేదు. అటు కొద్ది దూరం పోతే కృష్ణా తీరపు జిల్లాలు. ఇటు పక్కనే వున్న మునగాల పరగణా, చుట్టూ నిజాం రాజ్యమే వున్నా, బ్రిటిషువారి కాలంలో కృష్ణా జిల్లా కింద వుండేది. హద్దులు ఎవరు గీసినా వియ్యాలు ఆగలేదు. వియ్యాల వెంట వంటలూ, వాటి పేర్లూ అటూ ఇటూ నడిచాయి.

చిన్నమ్మ గుమ్మంలోనే డబ్బాను గుర్తుపట్టింది. చేయి చాచలేదు. "పాకం ఎవరు పట్టిన్రు?" అన్నది.

"అమ్మే."

"కండ్లు కనపడ్తలేవన్నరు గద?"

పలకరింపులు లేకపోయినా కబురు మాత్రం తెలుస్తూనే వున్నదన్నమాట! "వేళ్ళతో చూసింది" అన్నాను. ఆమె ఒక అరిసె తుంచి నోట్లో వేసుకొని చాలాసేపు నమిలింది. "నువ్వులు ఎక్కువేసింది. ఎప్పుడూ అంతే" అని లోపలికి పోయింది. డబ్బా కడుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆ ఏడు వాళ్ళింట్లో గరిజెలు చెయ్యనేలేదట. "కూసో, రెండు గడియలు" అన్నది. కోడలు పిండి కలిపింది. ఎండుకొబ్బరి, పుట్నాలపొడి, చక్కెర, యాలకులు కలిపి లోపలి పూర్ణం సిద్ధం చేశారు. నన్ను గూడా కూర్చోబెట్టి అంచులు నొక్కమన్నారు. పాతికేళ్ళుగా పిల్లలకు సంధులు కలపడం నేర్పిన చేతులకు గరిజె అంచు కలపడం రాలేదు!

చీకటిపడే వేళకు మునగాల, దురాజ్‌పల్లి దాటి సూర్యాపేట చేరాను. రెండేళ్ళకొకసారి లింగమంతుల జాతరతో హోరెత్తే పెద్దగట్టు, ఆ వేళ నల్లగా, నిశ్శబ్దంగా వుంది. ఊళ్ళో రహదారి పక్క దుకాణాల నిండా మిఠాయి పొట్లాలు. ఇంట్లో చేసి అమ్ముకొని బిడ్డలను చదివించుకునే ఆడవాళ్ళు మా వీధిలోనూ వున్నారు. చేతగాని రోజున వారి దగ్గర కొనుక్కోవడం తప్పని నేననను. అయితే ఆ వేళ నా ఒళ్ళో వున్న డబ్బాను నింపగలవారు వారెవరూ కారు. ఇంటికి రాగానే మా పిల్లలు దానిమీద పడబోతే, "అది మనది కాదు" అని గదమాయించాను.

భోగినాడు దాన్ని మిర్యాలగూడలో అమ్మ ఒళ్ళో పెట్టాను. ఆమె మూత తీసి, ఒక గరిజె తీసుకొని అంచు వెంట వేలు పోనిచ్చింది. "ఇది దాని చెయ్యి కాదు" అన్నది ముఖం చిన్నబుచ్చుకొని.

"అది నేను నొక్కిందమ్మా. ఇంకొకటి చూడు."

ఇంకొకటి తీసి తడిమింది. మడత వెంట మడత సన్నగా, సమంగా తగిలింది కాబోలు, వేలు అక్కడే ఆగిపోయింది. కాసేపటికి, "ఫోను కలిపియ్యి" అన్నది.

అక్కచెల్లెళ్ళు గంటసేపు మాట్లాడుకున్నారు. పొలం మాట ఎవరూ ఎత్తలేదు. అరిసెల్లో నువ్వులు ఎక్కువయ్యాయా, సరిపోయాయా అన్న వివాదం మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే సంక్రాంతికి తేల్చుకుంటారట.