తారుమారైన రీళ్ళు

భోజనమైన పిదప పడకకుర్చీలో నడుము వాల్చి, తమలపాకు ఈనెలు తీయుచు, ఇక ఒక గంటసేపు ఈ ప్రపంచముతో నాకుగాని నాతో ఈ ప్రపంచమునకుగాని పని లేదని నిశ్చయించుకొన్న శుభముహూర్తమున, పోస్టుమాను తెచ్చి యిచ్చిన కార్డును చదివినది మొదలు నా మనస్సు మనస్సులో లేదు. వ్రాసినవాడు మా మేనల్లుడు. ఏదో పత్రికలో ఈ మధ్యనే కుదిరినాడు. "మావయ్యా, నీ జీవిత దృక్పథాన్ని మార్చేసిన సినిమా ఏదో రెండు వందల మాటల్లో రాసి పంపు. ఫొటో కూడా పంపు. అందరూ పంపించేశారు, నువ్వే ఆలస్యం."

నాకు కోపము తెప్పించినది ప్రశ్న కాదు; 'అందరూ పంపించేశారు' అన్న ఆ మాట. అనగా అందరికిని అట్టి చిత్రమొకటి పెట్టెలో మడతపెట్టి సిద్ధముగా నున్నదన్న మాట! రెండవ ఆటకు పోవునప్పుడు ఒక మనిషియు, ఆట విడిచిన తరువాత వేరొక మనిషియునై, రిక్షా దిగి తలుపు తట్టగా, తీసిన ఇల్లాలు 'ఎవరు కావాలండీ' అని అడుగవలసిన స్థితిలో ఈ పెద్దమనుష్యులందరును ఏదో ఒక రాత్రి ఇంటికి చేరినారన్న మాట! జీవిత దృక్పథమనునది తలగడ గలీబా, మాసినప్పుడు మార్చుకొనుటకు?

గాంధీమహాత్ముడు బాల్యమున హరిశ్చంద్ర నాటకమును చూచి, ఆ కథను తనలో తాను లెక్కలేనన్ని మారులు ఆడుకొన్నట్లు ఆత్మకథలో చెప్పుకొనెను. ఆయన చెప్పినచో నమ్మవచ్చును; ఆ పిమ్మట ఆయన నడిచిన నడక సాక్ష్యముగా నిలిచి యున్నది. కాని అదే హరిశ్చంద్రను మా ఊరివారు ఏటేట చూచెడివారు. కాటిసీనులో పద్యము పద్యమునకు వన్సుమోరు కొట్టి, చంద్రమతి దుఃఖమునకు తామును కండువాలు తడుపుకొని, తెల్లవారగనే ఆ తడి కండువాలతోడనే కోర్టులో దొంగసాక్ష్యము చెప్పుటకు నరసరావుపేట బండి యెక్కిన మహానుభావులను నేనెరుగుదును. ఇక 1953లో దేవదాసు వచ్చినప్పటి ముచ్చట చెప్పనే అక్కరలేదు. నాతో ఒకే గదిలో నుండిన మిత్రుడొకడు దానిని ఐదుమారులు చూచి, గడ్డము పెంచి, మండుటెండలో శాలువ కప్పుకొని, దగ్గుట అభ్యసించి, ఒక వీధికుక్కను చేరదీసెను. అన్నియు అమరినవి గాని పార్వతి మాత్రము దొరకలేదు. ఆ యేడు వాడు పరీక్ష తప్పెను. అంతకు ముందేడును తప్పియుండెను గనుక ఆ కీర్తి దేవదాసు వేసిన నాగేశ్వరరావుగారికి కట్టబెట్టుట న్యాయము కాదు. కుక్క మాత్రము మంచిది. వాడు వెళ్ళిపోయిన తరువాతకూడ మూడేండ్లు మా మెస్సు వాకిట నుండెను.

అసలు నా మతమేమనగా, మనిషిని పట్టునది చిత్రము కాదు, చిత్రమును చూచిన చోటు. ఈ మాట ఎవరికి చెప్పినను చిరునవ్వు నవ్వి ఊరకుందురు. ఇంటిలోని వారైతే ఆ మాత్రపు చిరునవ్వుకూడ మానివేసినారు. అయినను చెప్పెదను. మెత్తని కుర్చీలు, చల్లని గాలి, చీకటిలో బ్యాటరీ దీపముతో దారి చూపు సేవకుడు నున్న హాలులో కూర్చున్నవానికి ఏ చిత్రమైనను ఏమి చేయగలదు? డేరాలో చూడవలెను. కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, బీటలు వారిన నల్లరేగడి చేనిలో గుంజలు పాతి గుడారమెత్తిన టూరింగు టాకీసులో, నేల తరగతిలో, ఎదుటివాని తలపాగా అడ్డు రాకుండ ఇసుకను పోగుచేసికొని దానిపై కూర్చుండి చూడవలెను. మధ్యాహ్నమే రంగుకాగితములు చల్లుచు ఎద్దుబండి ఊరంతయు తిరుగును, వెనుక పిల్లలు, ముందు డప్పు. ప్రొద్దు గూకగనే ఆయిలింజను దడదడ మొదలగును. ఆ దడదడ వినబడినంతనే మా వీధిలో అన్నము ముద్ద గొంతు దిగెడిది కాదు. లోపల నడుమ త్రాడు కట్టి గుడ్డ వ్రేలాడగట్టిరేని అటు ఆడవారు, ఇటు మగవారు. యంత్రమొక్కటే. రీలు 1000 అడుగులు. సుమారు 11 నిమిషములు నడచును. అది కాగానే దీపము వెలుగును. ఆపరేటరు మరియొక డబ్బా మూత తీయును. ఆ సందున వేరుసెనగకాయలవాడు కేక వేయును. మనము ప్రక్కవానితో కథను గూర్చి వాదింతుము. విచారించుటకు 11 నిమిషముల కొకమారు వ్యవధి నిచ్చిన కళ వేరొకటి ఏది?

ఇట్టి డేరాలోనే నేను యోగి వేమన చూచితిని. వాహినీవారి చిత్రము, కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, వేమన పాత్ర చిత్తూరు నాగయ్యగారిది. 1947లో విడుదలైన ఆ చిత్రము మా ఊరు చేరునప్పటికి మరుసటి సంక్రాంతి వెళ్ళిపోయినది. మా వీధి చివర నిలుచుండినచో కొండవీటి కొండ కనబడును. వేమన ఆ కొండవీటి రెడ్ల బిడ్డయని చెప్పుకొనుట కద్దు గనుక, మావాడి సినిమా వచ్చినదన్నట్లు ఊరు ఊరంతయు కదలెను. నాకు పండ్రెండేండ్లు. మా నాన్న నా చేయి పట్టుకొని తీసికొని పోయెను. అమ్మ రాలేదు, అక్క అమ్మకు తోడుండెను. అంతకు ముందటి వానకాలమున విషజ్వరము తగిలి మా చెల్లెలు పోయినది. నాలుగేండ్ల పిల్ల. అప్పటినుండి మా యింట దాని పేరు ఎవరును ఎత్తలేదు; దాని గౌను ఒకటి మాత్రము చాలనాళ్ళు దండెముపై నుండి, ఒకనాడు కనబడలేదు.

చిత్రము చూడనివారికి ఒక్క మాట. అందులో వేమన మొదట వేశ్యాలోలుడు, పిమ్మట స్వర్ణకాముడు. అతనికి అన్నగారి కూతురు చిన్నారి జ్యోతి పంచప్రాణములు. ఆ పిల్ల మరణముతో అతని లోకము తలక్రిందులగును; విరాగి యగును; యోగి యగును. అది వరుస. మా డేరాలో ఆ రాత్రి డబ్బాల వరుస తప్పినది. ఆపరేటరు నిద్రమత్తో, మరి యే మత్తో నేను చెప్పజాలను. మూడు రీళ్ళు సరిగనే నడచినవి. అటుపిమ్మట ఒక్కసారిగా పిల్ల మరణించినది, శ్మశానము వచ్చినది, నాగయ్యగారు గుండె పగులునట్లు విలపించినారు. ఏమి జరిగినదో, ఎట్లు జరిగినదో ఎవరికిని తెలియదు. తెలియకపోయినను ఏడ్చినారు. మా నాన్న తువ్వాలు ముఖమునకు అడ్డము పెట్టుకొనెను. పిమ్మట విశ్రాంతి, గోలీసోడా, దీపమారినది. జ్యోతి పకపక నవ్వుచు పరుగెత్తుకొని వచ్చి చిన్నాన్న చేతులలో వ్రాలినది.

డేరా ఘొల్లుమన్నది. ఈలలు, తిట్లు, "రీలు మార్చరా" అని కేకలు. ఆ కేకల నడుమ గుడ్డకు అవతలి వైపునుండి ఒక ముసలమ్మ గొంతు మాత్రము స్పష్టముగా వినవచ్చినది: "బతికిందమ్మా తల్లీ!" నేను నాన్నవంక చూచితిని. యంత్రపు వెలుగు ఆయన ముఖముపై ఆడుచుండెను. ఆయన కేక వేయలేదు, ఈల వేయలేదు. ఆ తెరను కండ్లతో త్రాగుచున్నట్లు కూర్చుండెను.

యజమానిని నిలదీసిన వారికి ఆ ఘనుడిచ్చిన సమాధానము ఇది: "యోగులకి ముందూ వెనకా ఏముంటుందయ్యా?" రెండణాలు తిరిగి యిమ్మన్నవారికి ఆ వేదాంతమే చిల్లరగా దక్కినది. ఆ రెండణాలను నేను నేటికిని మరువలేదు. కాని ఆలోచించినకొలది అతని మాటలో కొంత కద్దనియే తోచును. వేమన పద్యములకు మాత్రము వరుస యెక్కడిది? తాళపత్రప్రతులలో ఒకదాని క్రమము మరొకదానికి లేదు. బ్రౌనుదొర 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించినప్పుడు తనకు తోచిన విభాగములను తానే చేసికొనవలసి వచ్చెను. ఏ పద్యమునకు ఆ పద్యమే. ముందున్నది తెలియకున్నను వెనుకటిది తెలియకున్నను లోటు లేదు. వేశ్యను గూర్చిన పద్యము ముందో, వైరాగ్యమును గూర్చిన పద్యము ముందో, ఎవడు చూడవచ్చెను? మన పండితులు ఈ విషయమై సాగించిన వాదములను చెప్పబోయినచో అది కొండవీటి చాంతాడగును. ఆ చాంతాడు పుట్టిన సీమవాడినే యైనను మానెదను.

ఇంటిదారి పట్టితిమి. వెన్నెల. పొగాకు చేల మీదుగా గాలి. నాన్న ఉన్నట్లుండి, "దానికి బెల్లం గూడు అందదు గదరా, రోకలి మీదెక్కి తీసేది" అనెను. ఎవరికి అని నేనడుగలేదు. ఆ రోకలి కథ కాగానే దూడ కథ, దూడ కథ కాగానే పొరుగింటి తాతగారి పొడుముకాయ కథ. మా వాకిలి వచ్చువరకు ఆయన చెప్పుచునే యుండెను. నేను ఎరిగినవి కొన్ని, ఎరుగనివి కొన్ని. నాన్న నాతో ఒక్కపెట్టున అన్ని మాటలాడుట అదియే మొదలు. ఇంటికి చేరి, చెంబుతో నీళ్ళు తెచ్చి యిచ్చిన అమ్మతో, "రేపు నువ్వూ పిల్లా వెళ్ళి చూసి రండి. బాగుంది" అని మాత్రమనెను.

వారు వెళ్ళినారు. ఊరివారి తిట్లకు జడిసి ఆ యజమాని రెండవనాడు డబ్బాలపై సుద్దతో అంకెలు వేయించినాడట. ఆట మొదటినుండి తుదివరకు అక్షరము పొల్లుపోక నడచినదట. నడిరాత్రి అమ్మ తిరిగి వచ్చి, ఎవరితోను మాటలాడక, దీపము తగ్గించి, గోడవైపు తిరిగి పండుకొనెను. ఆ రెండణాల పగ ఇన్నేండ్లుగా మోయుచున్నానని ఇంటిల్లిపాదియు నన్ను ఎగతాళి చేయుదురు. అతడు రీళ్ళు తారుమారు చేసినందుకు కాదు, మరునాడు సరిచేసినందుకు.

పెద్దవాడనైన పిమ్మట నగరములో ఒక ఆదివారము ఉదయపు ఆటగా ఆ చిత్రమును మరల చూచితిని. గొప్ప చిత్రము, అందు సందేహము లేదు. పదేండ్లకు మాయాబజారు తీయబోవు కె.వి. రెడ్డిగారి పట్టు ప్రతి సన్నివేశమునను కానవచ్చును. నాగయ్యగారి వంటి గొంతు మరల పుట్టలేదు. పిల్ల పోయినది, పోయినదే. చిత్రము ముగియువరకు కూర్చుండి, బయటికి వచ్చి, ఎదుటి హోటలులో కాఫీ త్రాగి బస్సెక్కితిని.

సాయంకాలము మేనల్లునికి కార్డు వ్రాసితిని. చిత్రము: యోగి వేమన. చూచినది: 1948, నేల తరగతి, రీళ్ళు తారుమారు. ఫొటో లేదు. ఇంకను చోటు మిగిలినందున అడుగున ఒక ముక్క చేర్చితిని: "మీ అమ్మకు నేను గాక ఒక చెల్లెలుకూడా ఉండేది. అడుగు, చెప్తుంది. ఈ సినిమా మీ అమ్మా చూసింది గాని, ఆవిడ చూసింది రెండో రోజు ఆట."