మా గాలి మిషను

"ఇచ్చట గాలి కొట్టబడును" అన్న బోర్డు చూడనివాడు తెలుగునాట ఉండడు. రేకు ముక్క మీదో, పాత టైరు మీదో, మరీ కాకపోతే చెట్టు మొదలు మీదో సున్నంతో రాసి ఉంటుంది. ఆ కర్మణి ప్రయోగం చూసి మన తెలుగు లెక్చరర్లు నవ్వుకుంటారు కాబోలు. నాకు మాత్రం ఆ వాక్యంలో కనపడని కర్త మీదే ధ్యాస. వేపచెట్టు కింద డబడబలాడే మిషనే కర్త అనుకుంటాం. ఆ మిషనుకు రోజూ నీళ్లు వదిలి, నూనె చూసి, బెల్టు సవరించే మనిషి ఒకడు ఉంటాడు. అతను ఒక్క ఏడాది ఆ పనులు మానేస్తే ఏమౌతుందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా మావయ్యది తునికి దగ్గర్లో, రోడ్డు పక్కన పంక్చరు షాపు. షాపు వెనకే ఇల్లు. కంప్రెసర్ మాత్రం ఇంటి వసారాలో ఉండేది. అత్తయ్య వంట చేసుకునే చోటికీ దానికీ మధ్య ఒక్క గోడ. నా ఇంటర్మీడియెట్ చదువంతా ఆ చప్పుడులోనే గడిచింది. అంచేత ఆ మిషను గుణాలు మావయ్య దగ్గరా, దాని లెక్కలు మన కాలేజీలోనూ నేర్చుకున్నాను. రెండూ కలిపి చూస్తేగాని అసలు సంగతి బోధపడలేదు.

ముందు లెక్క చెబుతాను. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమం మనందరం వల్లె వేసిందే. ఉష్ణోగ్రత మారకపోతే, పీడనం పెరిగిన కొద్దీ వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది. వంద లీటర్ల ట్యాంకులో గేజి 8 కిలోలు చూపిస్తోందంటే, బయట దాదాపు 900 లీటర్లు ఆక్రమించే గాలిని అందులో కుక్కామన్నమాట. ఆ గాలి ఊరుకుంటుందా? ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 8 కిలోల బరువుతో తోస్తూనే ఉంటుంది. ట్యాంకు మూత 35 సెంటీమీటర్ల వ్యాసం ఉందనుకోండి, దాని వైశాల్యం 960 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. గుణించి చూడండి. ఒక్క మూత మీద ఏడున్నర టన్నులు! 1650ల్లో జర్మనీలో ఒట్టో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలు కలిపి, లోపలి గాలి తోడేస్తే, గుర్రాల జట్లు రెండు వైపులా లాగినా అవి విడిపోలేదని చదువుకున్నాం. అక్కడ పనిచేసింది మామూలు వాతావరణ పీడనం ఒక్కటే. మన వసారాలో ఉన్నది దానికి ఎనిమిది రెట్లు.

ఆ నిండు ట్యాంకు ఒక్కసారిగా పగిలితే బయటపడే శక్తిని ఎంత తక్కువగా లెక్కగట్టినా, వెయ్యి కిలోల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత ఉంటుంది. అదే ట్యాంకులో నీళ్లు నింపి అంతే ఒత్తిడి పెడితే, పగిలినా నీళ్లు కారి ఊరుకుంటాయి. నీరు దాదాపు కుదించుకోదు కాబట్టి దానిలో దాగే శక్తి చాలా తక్కువ. ట్యాంకుల గట్టితనం పరీక్షించేటప్పుడు గాలితో కాకుండా నీళ్లతో ఎందుకు పరీక్షిస్తారో ల్యాబులో చేరిన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. ఈ లెక్క వేశాక తెలిసింది.

ఇహ గుణాల సంగతి. మావయ్యకు బాయిల్ ఎవరో తెలియదు. కానీ రాత్రి షాపు కట్టేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, గాలి చాలామట్టుకు వదిలేసి, ట్యాంకు అడుగున ఉన్న కుళాయి మెల్లగా తిప్పేవాడు. ముందు బుస్సుమని గాలి, వెనకే నీళ్లు. "గాలి మిషనులోంచి నీళ్లేంటి మావయ్యా?" అని అడిగాను ఒకసారి. "సముద్రం పక్కనున్నాం కదరా అల్లుడూ, గాలికి చెమట పడుతుంది" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజం. 30 డిగ్రీల వేడిలో, ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల తేమను మోయగలదు. మన కోస్తాలో వానాకాలం తేమ 80 శాతం ఉందనుకుంటే 24 గ్రాములు. అటువంటి 900 లీటర్ల గాలిని వంద లీటర్లలోకి కుదిస్తే లోపలికి వెళ్లిన తేమ ఇరవై గ్రాముల పైమాట. చల్లారాక ఆ వంద లీటర్ల చోటు మోయగలిగేది మూడు గ్రాములే. మిగతాదంతా నీరై అడుగున చేరుతుంది. ఒక్క నింపుడుకు మూడు, నాలుగు టీ చెంచాలు. రోజుకి పదిసార్లు నింపితే సుమారు రెండు వందల మిల్లీలీటర్లు చేరినా ఆశ్చర్యం లేదు. ఆ నీళ్లు నిలవుంటే ఇనుము లోపలినుంచి తుప్పు పడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున రేకు కాగితంలా పలచబడుతుంది. బయటినుంచి ఎంత తుడిచినా ఈ జబ్బు కనపడదు.

మా ట్యాంకుకీ ఆ జబ్బు వచ్చింది. మావయ్య దాన్ని పాతదిగా కొన్నాడు. మొదటి యజమాని అడుగు కుళాయి ఎన్నడూ తిప్పిన పాపాన పోలేదని తర్వాత తెలిసింది. నేను ఇంజనీరింగులో చేరిన 2011లో, ఒక పొద్దున్న ట్యాంకు అడుగున సన్నగా ఈల వినపడింది. సబ్బునురగ రాస్తే సూదిమొనంత చోట బుడగలు లేచాయి. పక్క వీధి వెల్డింగు కుర్రాడు వచ్చి చూసి, "రెండు చుక్కలు పెడితే సరిపోతుంది బాబాయ్, అరగంట పని" అన్నాడు. ఇంట్లో ఉన్న డబ్బు నా ఫీజు కోసం దాచింది. కొత్త ట్యాంకు కొంటే ఫీజుకు అప్పు చేయాలి. అత్తయ్య కూడా "అతికించేద్దురూ" అంది.

మావయ్య ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం ట్యాంకుని పక్కకి దొర్లించి, సుత్తి పిడితో అడుగంతా తట్టి చూశాడు. పైభాగం గంటలా మోగింది, అడుగు మట్టికుండలా పలికింది. "ఒక్క చోట చిల్లు పడిందంటే, పడబోయే చోట్లు ఇంకెన్నో ఉన్నట్టే. అతుకు గట్టిగానే ఉంటుంది. పక్కది ఊడుతుంది" అన్నాడు. ట్యాంకుని పాత ఇనుముకి అమ్మేముందు, ఇంకెవరూ తెలియక వాడకుండా నిలువునా కోయించి మరీ ఇచ్చాడు. పదకొండు రోజులు షాపు చేతి పంపుతోనే నడిచింది. సైకిళ్లూ మోటారు సైకిళ్లూ తప్ప కార్లూ లారీలూ పక్క షాపుకి పోయాయి. నా ఫీజు రెండు కంతుల్లో కట్టారు, రెండోది వడ్డీకి తెచ్చి. ఆ వడ్డీ ఎంతో నాకు చాలా ఏళ్ల తర్వాత అత్తయ్య చెప్పింది.

ట్యాంకుని కోయించినప్పుడు లోపల చూశాను. అడుగంతా బెరడులా పొరలు పొరలుగా తుప్పు. వేలితో నొక్కితే రాలింది. ఆ గోడ అవతలే అత్తయ్య వంట.

తుప్పు పట్టిన ట్యాంకుకి వెల్డింగు పెట్టకూడదని ఇప్పుడు ఏ మెకానికల్ విద్యార్థినడిగినా చెబుతాడు. పలచబడ్డ రేకుకి వేడి తగిలితే అతుకు పక్కన ఇంకా బలహీనమౌతుంది. అట్లాగే పాత గ్యాస్ సిలిండరుకి ఫ్రిజ్ కంప్రెసర్ తగిలించి సొంతంగా తయారుచేసే మిషన్లు కొన్ని చోట్ల చూస్తుంటాం. వాటిలో చాలావాటికి సేఫ్టీ వాల్వు ఉండదు, అడుగు కుళాయి అసలే ఉండదు. తెలివితేటలకి మెచ్చుకోవచ్చుగాని, ఇంట్లో పెట్టుకోదగ్గ వస్తువు కాదు. గాలి లైనుకి నీళ్ల పీవీసీ పైపు వాడటమూ అంతే. అది చీలదు, ముక్కలై ఎగురుతుంది.

సేఫ్టీ వాల్వు గురించి రెండు మాటలు. గేజి ఒక హద్దుకి రాగానే ప్రెషర్ స్విచ్చి మోటారుని ఆపుతుంది. ఆ స్విచ్చి అతుక్కుపోయి మోటారు ఆగకపోతే, ఆఖరి దిక్కు ఆ చిన్న ఇత్తడి వాల్వే. దానికి ఉన్న రింగుని అప్పుడప్పుడూ లాగి చూడాలి. గాలి చిమ్మి, వదలగానే మూసుకోవాలి. కారుతోందని తీగతో కట్టేసినవాళ్లనీ, బోల్టు బిగించినవాళ్లనీ నేను చూశాను. ఫ్యూజు పోయిందని మేకు పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కారితే కొత్తది వేయాలి, అదీ ట్యాంకు పేరుపలక మీద రాసిన ఒత్తిడికి లోబడినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఒత్తిడితో పనిచేసే యంత్రాలకి 31వ సెక్షన్ ప్రత్యేకంగా రాశారు. ఫ్యాక్టరీలకైతే ఇన్‌స్పెక్టర్లు వస్తారు. మన వసారాకి ఎవరొస్తారు? మనమే ఇన్‌స్పెక్టర్లం.

మిగతా సేవ కష్టమేమీ కాదు. నూనె గాజుకంటిలో సగానికి కనపడాలి. కంప్రెసర్ నూనే పోయాలిగాని, షాపులో మిగిలింది కదాని బండి ఇంజనాయిలు పోస్తే వాల్వుల మీద మసి గట్టిపడే ప్రమాదం ఉంది. గాలి పీల్చే ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే మిషను ఆయాసపడి వేడెక్కుతుంది. బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి, అదీ ప్లగ్గు పీకాకే. ఎందుకంటే ఒత్తిడి తగ్గగానే ఈ మిషను ఎవర్నీ అడక్కుండా తనంతట తాను మొదలౌతుంది. కరెంటు పోయి వచ్చినా అంతే. బెల్టు మీద జాలీ లేకుండా తిప్పే షాపుల్లో లుంగీ అంచుకీ, చున్నీ కొసకీ అదే గండం. మోటారు ఆగినప్పుడు "తుస్సు" మని చిన్న చప్పుడు రావాలి. పిస్టను మీద మిగిలిన గాలిని వదిలే చప్పుడది. అది రాకపోతే మళ్లీ మొదలవడానికి మోటారు మూలిగి, చివరికి కాయిలు కాలుతుంది. మూడు ఫేజుల మోటారైతే, లైన్‌మన్ వచ్చి వైర్లు మార్చిన ప్రతిసారీ చక్రం బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూసుకోవాలి. తిరగబడితే చక్రపు రెక్కల గాలి సిలిండరుకి తగలదు. సిలిండరునుంచి ట్యాంకుకి వెళ్లే రాగి గొట్టం నూరు డిగ్రీలు దాటి కాలుతుంది, చెయ్యి పెట్టొద్దు.

టైర్ల విషయంలో లారీ చక్రాల లాక్ రింగుని మించిన గండం లేదు. రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి పెడితే తూటాలా లేస్తుంది. మావయ్య అటువంటి చక్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి, పొడవాటి గొట్టంతో పక్కన నిలబడి గాలి కొట్టేవాడు. ఎదురుగా ఎన్నడూ నిలబడలేదు. ఎన్ని పాయింట్లు కావాలో డ్రైవరుని అడిగినా, గేజి మాత్రం తనే చూసుకునేవాడు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదల్చుకున్నది మన కుర్రాళ్లకి. వర్కుషాపు పీరియడ్ అయ్యాక గాలి గొట్టంతో బట్టలు దులుపుకోవడం ఒక సరదా. ఒకరి మీద ఒకరు కొట్టుకోవడం ఇంకో సరదా. సంపీడిత గాలి కంటిలో పడితే చూపు పోవచ్చు, చర్మం మీద గాయంలోంచి లోపలికి దూరవచ్చు. పనిముట్లు శుభ్రం చేయడానికే అమెరికాలో చదరపు అంగుళానికి 30 పౌన్లు మించకూడదని నిబంధన, అదీ రవ్వలు తగలకుండా అడ్డు, కళ్లద్దాలు ఉంటేనే. మనిషి మీద కొట్టడానికి ఎంత ఒత్తిడైనా సురక్షితం అనడానికి వీల్లేదు. 2024లో బెంగళూరులో ఒక వాహనాల సర్వీసు కేంద్రంలో, స్నేహితుడు ఆటకి శరీరంలోకి గాలి కొట్టడంతో ఓ యువకుడు పేగులు దెబ్బతిని చనిపోయాడు. కొట్టినవాడికీ అతనికీ పగ ఏమీ లేదు. ఇద్దరూ నవ్వుతూనే ఉండివుంటారు. అటువంటి వార్తలు మన దేశంలో అదొక్కటే కాదు. సీనియర్లు జూనియర్లతో ఆడే ఆటల్లోకి ఈ గొట్టం ఎన్నడూ రాకూడదని యూనియన్ సభ్యులు ఒక మాట అనుకుంటే బాగుంటుంది. వర్కుషాపు గోడ మీద రాయడానికి ఒక్క వాక్యం చాలు.

పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఈమధ్య కారుకనీ, రంగులు వేయడానికనీ పాతిక, యాభై లీటర్ల చిన్న మిషన్లు ఇళ్లకి కొంటున్నారు. డబ్బా మీద బొమ్మలన్నీ ఉంటాయి, అడుగు కుళాయి ఎక్కడుందో వెతికితేగాని కనపడదు. చదివినవాళ్లు ఇవాళ సాయంత్రం ప్లగ్గు పీకి, గాలి వదిలి, కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని మెల్లగా తిప్పి చూడండి. తేటనీళ్లు వస్తే సంతోషం, రేపటినుంచి రోజూ తిప్పండి. ఎర్రటి నీళ్లు వస్తే ఆ మిషనుని వాడటం ఆపి, తెలిసినవాళ్లతో ట్యాంకుని నీళ్ల ఒత్తిడితో పరీక్ష చేయించండి. పరీక్షలో తప్పితే కోయించి మరీ పాత ఇనుముకి ఇవ్వండి. కొనుక్కోడానికి ఎవరో ఒకరు వస్తారు, అతనింట్లోనూ ఒక వసారా ఉంటుంది.