నాన్న గొంతు... నలభై సెకన్లు

2003లో అక్క పెళ్లి. వీడియో మూడు వీసీడీల్లో వచ్చింది. ఒక్కో డిస్కులో పట్టేది దాదాపు 74 నిమిషాలే కదా... స్నాతకం ఒకదాంట్లో, తలంబ్రాలు ఇంకోదాంట్లో, భోజనాలూ అప్పగింతలూ మూడోదాంట్లో. తర్వాత కొన్నేళ్లకి నాన్న పోయారు. ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఆ డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మా ఇంట్లో పాత కంప్యూటర్లో ఉన్నది లినక్స్. మూడో డిస్కు పెడితే ఫైలు కనిపించింది. కాపీ చేయబోతే ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’ అని ఆగిపోయింది. బజార్లో షాపతనికి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి ‘గీతలు పడ్డాయి సార్, పోయినట్టే’ అన్నాడు. కానీ అదే డిస్కు వీఎల్‌సీలో ‘ఓపెన్ డిస్క్’కి వెళ్లి వీసీడీ అని ఎంచుకుంటే చక్కగా ఆడింది. పోయిన డిస్కు ఆడటమేమిటి?

విషయమేమిటంటే, మామూలు సీడీలో సమాచారం 2048 బైట్ల గళ్లలో ఉంటుంది. గీత పడితే సరిదిద్దుకోవడానికి ప్రతి గడిలోనూ కొంత చోటు విడిగా ఉంచుతారు. వీసీడీ రూపొందించినవాళ్లు ‘బొమ్మకి అంత జాగ్రత్తెందుకు’ అనుకుని, ఆ చోటులో చాలావరకు వీడియోకే ఇచ్చేశారు. దాంతో గడి 2324 బైట్లయింది. లినక్స్ దాన్ని మామూలు గడే అనుకుని చదవబోయి, కుదరక ఎర్రర్ అంటుంది. ఆ మాట చూసి ఎన్ని ఇళ్లలో డిస్కులు చెత్తబుట్ట పాలయ్యాయో!

దీనికి ‘వీసీడీఎక్స్‌రిప్’ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ‘వీసీడీఇమేజర్’ ప్యాకేజీతో పాటే వస్తుంది. మెనూలూ బొమ్మలూ ఉండవు, టెర్మినల్‌లో టైపు చేయాల్సిందే. డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు తుడిచి (గుండ్రంగా తుడవకూడదు) దాన్ని నడిపించాను. వీడియో మొత్తం ఒక ఎంపెగ్ ఫైలుగా హార్డ్‌డిస్కులోకి దిగింది.

కత్తిరించడానికి కేడెన్‌లైవ్ తీసుకున్నాను. అదీ ఉచితమే. కానీ కావలసిన చోటికి జరిపితే బొమ్మ ఎక్కడికో గెంతేది. ఈ రకం వీడియోలో పూర్తి బొమ్మ అప్పుడప్పుడే ఉంటుంది. మధ్యలోవన్నీ ముందూ వెనకా బొమ్మలతో పోల్చి మారిన భాగాలే. అందుకే తడబాటు. అందులోనే ఉన్న ‘ట్రాన్స్‌కోడ్’తో ఎడిటింగుకి వీలుగా మార్చుకుంటే ఫైలు బాగా ఉబ్బింది గానీ, గెంతడం మానేసింది.

ఇక అసలు బాధ. మా వీడియోగ్రాఫర్‌కి సినిమా పాటలంటే మహా ప్రేమ! తాళి కట్టేటప్పుడు పాట, అప్పగింతల్లో పాట. నాన్న పెదవులు కదులుతుంటాయి, మాట వినపడదు. పాటనీ మాటనీ విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. అయితే అడుగున మాట ఉంటేగా... అసలు శబ్దం తీసేసి పాట పెట్టేశాడు!

భోజనాల దగ్గర మాత్రం ఎందుకో వదిలేశాడు. ‘ఆ చివరి వరసకి నెయ్యి రాలేదయ్యా... బావగారూ, మొహమాటపడకండి’ అంటూ నాన్న. సరిగ్గా నలభై సెకన్లు. ముక్క తీసి అక్కకి పంపాను. మొత్తం ఫైలుని ముట్టుకోకుండా రెండుచోట్ల దాచాను.

అరగంటకి అక్క ఫోన్. ఏడ్చినట్టుంది. ‘కెమెరాలో తీసిన అసలు టేపులు వాళ్ల దగ్గర ఉంటాయేమోరా?’ అంది. డిస్కు అట్ట మీద స్టూడియో నంబరుంది, ల్యాండ్‌లైనుది. రేపు చేసి చూస్తానంటోంది.